వేలికొసల మంట: తీగదెంత, చర్మానిదెంత?

కొత్తగా గిటారు పట్టినవాళ్లలో తొంభై శాతం మంది ఏడాది తిరిగేలోపే వదిలేస్తున్నారని ఫెండర్ కంపెనీకి సీఈవోగా ఉన్నప్పుడు ఆండీ మూనీ చెప్పారు. గిటార్లు అమ్మే కంపెనీ పెద్దే అన్న మాట కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. వదిలేయడానికి కారణాలు చాలా ఉంటాయి. తీరిక దొరకదు, నేర్పేవాళ్లు దొరకరు, నాలుగు కార్డ్‌లు వచ్చాక కూడా మనసులో ఉన్న పాట చేతికి అందదు. కానీ వీటన్నిటికంటే ముందు, మొదటి వారంలోనే ఎదురయ్యేది ఎడమచేతి వేలికొసల మంట. సీ కార్డ్ పట్టి వదిలితే మూడు వేళ్ల మీదా తీగ అచ్చు దిగి ఉంటుంది. మర్నాడు చొక్కా గుండీ పెట్టుకుంటున్నా చురుక్కుమంటుంది. (ఎడమచేతివాటం వాళ్లకు ఇదంతా కుడిచేతికి వస్తుంది. ఈ వ్యాసంలో ఎడమచేయి అన్నప్పుడల్లా తీగలు నొక్కే చేయి అనే అర్థం.)

ఈ మంటకు ఏం చేయాలని అడిగితే వినిపించే సలహాలు నాలుగు రకాలు. ఓర్చుకో, కాయలు కాస్తే అదే పోతుంది అనేది ఒకటి. ముందు గిటారు సరిచేయించుకో అనేది ఇంకొకటి. చేయి పెట్టే తీరు మార్చుకో అనేది మూడోది. వేళ్లకు ఫలానాది రాసుకో అనేది నాలుగోది. దేనిలోనూ పూర్తిగా అబద్ధం లేదు. చిక్కల్లా అవి చెప్పే వరుసలో ఉంది. దాదాపు ప్రతి విద్యార్థికీ మొదట దొరికేది 'ఓర్చుకో', చివరికి ఎప్పుడో దొరికేది 'గిటారు చూపించు'. ఈ వరుస తలకిందులు కావాలన్నదే నా వాదన. చాలామంది భరిస్తున్న నొప్పిలో పెద్ద భాగం చర్మం లేతదనం వల్ల వచ్చింది కాదు, సరిగ్గా అమర్చని వాద్యం వల్ల వచ్చింది. దాన్ని తీసేశాక మిగిలేదాన్ని చర్మం కొన్ని వారాల్లో తనే చూసుకుంటుంది.

అసలు వేలికొస మీద ఏం జరుగుతుందో చూద్దాం. మామూలు స్టీలు తీగల అకౌస్టిక్ గిటారు మీద 'లైట్' అని అమ్మే సెట్‌లో మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతులు, అంటే 0.30 మిల్లీమీటర్లు. శ్రుతి చేశాక ఆ ఒక్క తీగ సుమారు పదిన్నర కిలోల బిగువుతో ఉంటుంది. ఆరు తీగలూ కలిపితే 74 కిలోల దాకా వస్తుంది. అంత బిగువైన సన్నని ఉక్కు తీగను కొయ్య మీదికి వంచి అదిమిపట్టాలంటే వేలు చూపించే బలమంతా మిల్లీమీటరులో మూడో వంతు వెడల్పున్న గీత మీదే పడుతుంది. ఆ గీత పడే చోటు కూడా సామాన్యమైనది కాదు. రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు సూదిమొనలను వేరువేరుగా గుర్తుపట్టగల స్పర్శ శరీరంలో పెదవులకు, నాలుకకు, వేలికొసలకే ఉంది. అంత సున్నితమైన చోట ఆ నొక్కుడు పడితే మంట పుట్టకపోతేనే వింత.

చర్మం దీనికి రెండు రకాలుగా స్పందిస్తుంది. తేడా తెలుసుకోవడం ముఖ్యం. నొక్కుడు మితంగా, విడతలుగా, మధ్యలో విశ్రాంతితో వస్తే పైపొర కింద కణాలు వేగంగా పుట్టి, కెరటిన్ నింపుకుని పైకి చేరి, గట్టి పొరగా పేరుకుంటాయి. మనం కాయ కాయడం అనేది ఇదే. అదే రాపిడి ఒకేసారి, ఎక్కువసేపు, ముఖ్యంగా పక్కలకు లాగే రాపిడిగా వస్తే పైపొరలు లోపల విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. అది బొబ్బ. కాయ చర్మం కట్టుకున్న రక్ష అయితే బొబ్బ దానికి తగిలిన గాయం. బొబ్బలు పడే కొద్దీ కాయలు తొందరగా కాస్తాయనుకోవడం పొరపాటు. బొబ్బ పగిలి పైతోలు ఊడిపోయిన చోట కాయ కట్టడం మళ్లీ మొదటికొస్తుంది.

ఇప్పుడు 'ఓర్చుకో' అనే సలహా సంగతి. దీని వెనక పెద్ద సంప్రదాయమే ఉంది. వీణ నేర్చుకున్న ఇళ్లలో ఎవరినైనా అడగండి, ఎడమచేతి చూపుడువేలు, నడిమివేలు మీద తీగ కోసిన గాడి చూపిస్తారు. వీణ మీద మెట్టుపై తీగను నొక్కితే సరిపోదు, గమకం కోసం దాన్ని పక్కకు లాగాలి. ఒక్కో మెట్టు దగ్గర రెండు మూడు స్వరాలు ఆ లాగుడులోనే పలకాలి. ఈమని శంకరశాస్త్రి గారు, ఆయన శిష్యుడు చిట్టిబాబు గారు అంత పొడవు గమకాలను అంత నునుపుగా పలికించారంటే ఆ వేళ్లు ఏళ్ల తరబడి ఎంత రాపిడి చూసి ఉంటాయో ఊహించవచ్చు. కాబట్టి కాయలు కాయడం అనేది తీగవాద్యంలో తప్పదు, సిగ్గుపడాల్సిందీ కాదు. ఇంతవరకూ 'ఓర్చుకో' అనేవాళ్ల మాట నిజమే.

అయితే అదే వీణ సంప్రదాయంలో మనం మరిచిపోయే సగం ఒకటుంది. వీణ మెట్లను మైనం మీద పొదుగుతారు. అవి కదిలినా అరిగినా పనివాడిని పిలిపించి మేళం కట్టిస్తారు. వాయించేటప్పుడు తీగ మీద వేలు జారడానికి పక్కనే కొబ్బరినూనె ఉంచుకుంటారు. కచేరీకి ముందు వాద్యం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం సాధనలో భాగం. ఓర్పు ఒక్కటే కాదు, వాద్యాన్ని చేతికి అనువుగా ఉంచుకోవడం కూడా ఆ విద్యలోనే ఉంది. గిటారు దగ్గరికి వచ్చేసరికి ఓర్పు మాత్రమే మిగిలింది. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు కొన్న గిటారు అట్టపెట్టెలోంచి తీసి, ఫ్యాక్టరీలో ఎలా వదిలేశారో అలాగే పిల్లవాడి చేతిలో పెట్టి 'ఓర్చుకో నాన్నా' అంటున్నాం. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ పిల్లవాడికి లేనిది పట్టుదల కాదు. ఆ గిటారు మీద ఎఫ్ కార్డ్ పట్టడం పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లకీ కష్టమే.

ఈ విషయంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌ను తలుచుకోవాలి. మామూలు మాండలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. రెండు బిగువైన తీగలను కలిపి నొక్కి, కలిపి లాగితే తప్ప గమకం రాదు. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకున్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు. సంగీతం కోరినదాన్ని చేయి ఇవ్వలేకపోతే వాద్యాన్నే మార్చుకోవడంలో చిన్నతనం ఏమీ లేదని ఆ వాద్యమే సాక్ష్యం.

పాశ్చాత్య గిటారు చరిత్రలో ఇంతకంటే తీవ్రమైన ఉదాహరణ టోనీ అయోమీ. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా పదిహేడేళ్ల వయసులో ఆయన కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతివాటం, కాబట్టి తీగలు నొక్కే చేయి అదే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించాడు. అప్పట్లో గిటారుకు సన్న తీగలు దొరక్క బాంజో తీగలు వేసుకున్నాడు. తర్వాత తీగలు వదులు కావాలని శ్రుతినే దించాడు. 1971లో వచ్చిన ఆయన బృందం బ్లాక్ సబ్బత్ ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో మూడు అరస్వరాలు దించిన ఆ గిటారు గంభీరంగా వినిపిస్తుంది. హెవీ మెటల్ అనే సంగీతానికి గుర్తుగా నిలిచిన ఆ నాదం వెనక నొప్పి తగ్గించుకోవడానికి ఒక మనిషి చేసిన ఏర్పాటు ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణగా గిటారిస్టు స్టీవీ రే వాన్‌ను చూపిస్తుంటారు. ఎలక్ట్రిక్ గిటారు మీద 0.33 మిల్లీమీటర్ల మొదటి తీగతో మొదలయ్యే మందపాటి సెట్లు వాడేవాడు, చర్మం ఊడితే సూపర్ గ్లూ అంటించుకుని వాయించేవాడు. ఈ కథ విని మందపాటి తీగలు కొనే కుర్రాళ్లు ఎందరో. ఆయన తన గిటారును అరస్వరం దించి శ్రుతి చేసుకునేవాడన్న సగం మాత్రం ఆ కథలో జారిపోతుంది. మరోవైపు జీజీ టాప్ బృందం బిల్లీ గిబన్స్ 0.18 మిల్లీమీటర్ల తీగలతో దశాబ్దాలుగా వాయిస్తున్నాడు. ఆయన గిటారు ధ్వని పలచగా ఉందని ఎవరూ అనలేదు. సన్న తీగ వాడితే నాదం చచ్చిపోతుందనేది కొత్తగా నేర్చుకునేవాళ్ల విషయంలో పట్టించుకోనక్కర్లేని భయం.

కాబట్టి వాద్యంతో మొదలుపెడదాం. ఇక్కడ చెప్పుకోవాల్సింది ఎక్కువ.

తీగకూ ఫ్రెట్లకూ (మెడ మీది లోహపు మెట్లకు) మధ్య ఉండే ఎత్తును గిటారు వాళ్లు యాక్షన్ అంటారు. సాధారణంగా పన్నెండో ఫ్రెట్ దగ్గర కొలుస్తారు. స్టీలు తీగల అకౌస్టిక్ మీద లావు తీగ కింద రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద ఒకటిన్నర నుంచి రెండు ఉంటే చేతికి హాయిగా ఉంటుంది. క్లాసికల్ గిటారు మీద మూడు నాలుగు ఉండడం మామూలే, ఎందుకంటే నైలాన్ తీగలు ఎక్కువ వెడల్పున ఊగుతాయి. చవక గిటార్ల మీద ఇది అయిదుకు చేరినా ఆశ్చర్యం లేదు.

అయితే మొదటి నెల విద్యార్థిని ఏడిపించేది పన్నెండో ఫ్రెట్ కాదు. మొదటి కార్డ్‌లన్నీ పైన, మొదటి మూడు ఫ్రెట్లలో ఉంటాయి. అక్కడ తీగ ఎత్తును నిర్ణయించేది నట్. అంటే తలభాగం దగ్గర తీగలు కూర్చునే గాడ్లున్న చిన్న ముక్క, ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసింది. ఆ గాడ్లను లోతుగా కోయడానికి ఓపిగ్గా ఆకురాయి పట్టాలి, ఏమాత్రం ఎక్కువ కోసినా తీగ గరగరలాడుతుంది. అందుకే ఫ్యాక్టరీలు భయపడి ఎత్తుగా వదిలేస్తాయి. నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కు దూరం మూడున్నర సెంటీమీటర్లే. అంత దగ్గరలో తీగను బాగా కిందికి వంచాలంటే చాలా బలం కావాలి. ఎఫ్ కార్డ్‌కు ఉన్న చెడ్డపేరులో సగం ఈ నట్‌దే.

మీ గిటారుకు ఈ జబ్బు ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద ఆ తీగ కింద సందు ఎంతుందో చూడండి. ఒక కాగితం దూరేంత ఉంటే చాలు. అట్టముక్క దూరేంత ఉంటే నట్ ఎత్తుగా ఉన్నట్టు. ఇంకా సులువైన పరీక్ష, తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే బిగింపు కాపోతో ఉంది. మొదటి ఫ్రెట్ మీద కాపో బిగించి అవే కార్డ్‌లు ఒక మెట్టు కిందికి జరిపి పట్టండి. చేతికి ఒక్కసారిగా తేలికైపోతే, మీరిన్నాళ్లూ మోసిన బరువు నట్‌దేనని తెలిసిపోతుంది. పనివాడి దగ్గరికి వెళ్లేదాకా కాపో పెట్టుకునే సాధన చేయవచ్చు, తప్పేం లేదు.

కింది వైపు ఎత్తును శాడిల్, అంటే బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ, నిర్ణయిస్తుంది. శాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు అరగదీస్తే పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ అర మిల్లీమీటరు దిగుతుంది, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. మూడోది మెడలోని ట్రస్ రాడ్. తీగల లాగుడుకు మెడ ముందుకు వంగితే ఈ ఉక్కు కడ్డీని బిగించి నిలబెడతారు. స్టీలు తీగల గిటార్లకు, ఎలక్ట్రిక్ గిటార్లకు ఇది ఉంటుంది, క్లాసికల్ వాటికి చాలావరకు ఉండదు. దీన్ని తెలియకుండా తిప్పడం ప్రమాదం. ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పరు. ఈ మూడూ చూసి సరిచేయడాన్నే సెటప్ అంటారు. గిటారు కొనే బడ్జెట్లో దీన్ని ముందే కలిపి లెక్కేసుకోవాలి. నా దృష్టిలో పది వేలు పెట్టి సెటప్ లేని గిటారు కొనడం కంటే ఏడు వేల గిటారు కొని మిగిలిన దాంట్లో కొంత పనివాడికి ఇవ్వడం మేలు.

మన వాతావరణం కూడా ఇందులో ఒక చేయి వేస్తుంది. అకౌస్టిక్ గిటారు కొయ్యకు గాలిలో 45 నుంచి 55 శాతం తేమ ఉంటే సుఖం. విశాఖపట్నంలోనో కాకినాడలోనో వానాకాలంలో తేమ దానికి చాలా పైన ఉంటుంది. గిటారు ముందుపలక నీరు పీల్చి ఉబ్బుతుంది, దానితోపాటు తీగలు లేస్తాయి. మేలో హాయిగా వాయించిన గిటారు ఆగస్టులో వేళ్లు కోస్తుంటే చేయి మొద్దుబారిందని బాధపడనక్కర్లేదు. హైదరాబాద్ ఎండాకాలంలో కథ తిరగబడుతుంది. ఫింగర్‌బోర్డ్ ఎండి కుంచించుకుపోతే లోహపు ఫ్రెట్ల చివరలు పక్కలకు పొడుచుకొచ్చి అరచేతి అంచును గీరుతాయి. వాయించనప్పుడు గిటారును గోడకు వేలాడదీయకుండా కేసులో పెట్టి, వానాకాలంలో సిలికా జెల్ సంచులు పడేస్తే చాలావరకు గట్టెక్కవచ్చు.

ఇక తీగలు. 'లైట్' అన్న పేరు చూసి మోసపోకూడదు, అకౌస్టిక్ తీగల్లో అది మధ్యరకం. 'ఎక్స్‌ట్రా లైట్' సెట్ మొదటి తీగ 0.25 మిల్లీమీటర్లు, ఆరు తీగల మొత్తం బిగువు 61 కిలోల ప్రాంతం. అంటే మామూలు సెట్ కంటే పదమూడు కిలోలు తక్కువ. ధ్వని కాస్త తగ్గుతుంది. ఇంట్లో సాధన చేసే విద్యార్థికి దానితో పనేమిటి? ఎలక్ట్రిక్ గిటారు తీగలు ఇంకా వదులు. 0.23 మిల్లీమీటర్ల సెట్ మొత్తం 38 కిలోల ప్రాంతం. 'ముందు అకౌస్టిక్ మీద కష్టపడితే ఎలక్ట్రిక్ తేలిక' అనే సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. మాట నిజమే కానీ, పాట మీద ప్రేమతో వచ్చినవాడిని ముందు కష్టంలోకి తోసి తర్వాత సుఖం చూపించడం ఎందుకో నాకు బోధపడదు. ఎలక్ట్రిక్ ఇష్టమైతే ఎలక్ట్రిక్‌తోనే మొదలుపెట్టవచ్చు.

నైలాన్ తీగల సంగతి వేరు. క్లాసికల్ గిటారు మొదటి తీగ బిగువు సుమారు ఏడు కిలోలు, అంటే 'ఎక్స్‌ట్రా లైట్' స్టీలు మొదటి తీగతో దాదాపు సమానం. మందం మాత్రం 0.71 మిల్లీమీటర్లు, దాదాపు మూడు రెట్లు. బిగువు ఒకటే అయినా నొక్కుడు మూడింతల వెడల్పు మీద పరుచుకుంటుంది, అందుకే కోయదు. అసలు ఈ నైలాన్ తీగలు వచ్చిందే అవసరం కొద్దీ. అంతకుముందు క్లాసికల్ గిటారుకు పశువుల పేగుతో చేసిన తీగలు వాడేవారు. రెండో ప్రపంచయుద్ధకాలంలో అవి దొరకడం కష్టమైంది. న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ అనే వాద్యాల తయారీదారు డ్యూపాంట్ కంపెనీ నైలాన్‌తో తీగలు చేశాడు, క్లాసికల్ గిటారిస్టు ఆండ్రెస్ సెగోవియా వాటిని మెచ్చి వాడాడు. ఈనాడు లేత వేళ్ల పిల్లలకు, చర్మం పలచబడిన పెద్దవయసు వాళ్లకు ఆ తీగలు వరంగా మిగిలాయి. ఒక్క హెచ్చరిక ఉంది. క్లాసికల్ గిటారు మెడ వెడల్పు ఎక్కువ, చిన్న చేతులకు సాచడం కష్టం. అందుకే పిల్లలకు చిన్న సైజు గిటారు తీసుకోవాలి. స్టీలు తీగలకని కట్టిన గిటారుకు నైలాన్, నైలాన్ గిటారుకు స్టీలు మాత్రం వేయకూడదు. రెండోది చేస్తే బ్రిడ్జి ఊడివస్తుంది.

డబ్బు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది, దాన్ని ఎందుకో ఎక్కువమంది చెప్పరు. తీగ బిగువు దాని శ్రుతి వర్గాన్ని బట్టి మారుతుంది. ఆరు తీగలనూ ఒక అరస్వరం దించితే బిగువు పదకొండు శాతం తగ్గుతుంది, రెండు అరస్వరాలు దించితే ఇరవై శాతం. అలా దించి రెండో ఫ్రెట్ మీద కాపో పెడితే పాట తన శ్రుతిలోనే పలుకుతుంది, నట్ ఎత్తు బాధా పోతుంది. మొదటి నెలా రెండు నెలలూ ఇలా గడిపి, తర్వాత మెల్లగా మామూలు శ్రుతికి తేవచ్చు. ఈ వ్యాసంలో ఒక్క ఉపాయమే గుర్తుంచుకోగలిగేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలని కోరతాను.

చేతి సంగతి ఇంతకంటే క్లుప్తంగా చెప్పుకోవచ్చు, కానీ తక్కువది కాదు. వేలు ఫ్రెట్‌కు ఆనుకుని, దాని వెనకనే పడాలి. రెండు ఫ్రెట్ల నడిమధ్యలో నొక్కితే అదే స్వరానికి చాలా ఎక్కువ బలం కావాలి, అయినా గరగరలాడుతుంది. గోరుకు కాస్త కిందగా, వేలి కొసతో నొక్కాలి, మెత్తటి బొడిపెతో కాదు. అందుకు ఎడమచేతి గోళ్లు పూర్తిగా కత్తిరించి ఉండాలి. ఆపైన అసలు ఎంత బలం చాలో కనుక్కోవాలి. ఒక తీగ మీద వేలు ఊరికే ఆనించి, మీటుతూ, కొంచెం కొంచెంగా నొక్కుతూ పోండి. గరగర ఆగి స్వరం తేటగా పలికిన క్షణమే సరైన బలం, అంతకు మించినదంతా వృథా. కొత్తవాళ్లు దాదాపు అందరూ భయంతో దానికి రెట్టింపు నొక్కుతారు. బొటనవేలితో వెనక నుంచి పిసకడం కూడా ఆ భయం నుంచి వచ్చేదే. నొప్పి పెరిగే కొద్దీ మనిషి బిగుసుకుంటాడు, బిగుసుకునే కొద్దీ ఇంకా నొక్కుతాడు. ఈ చక్రాన్ని తెంచడానికి మామూలు చిట్కా: ప్రతి కార్డ్ మార్పుకూ మధ్య చేతిని ఒక్క క్షణం పూర్తిగా వదులు చేయడం.

ఒకే వేలితో తీగలన్నీ అదిమిపట్టే బారే కార్డ్‌లు మొదటి నెలలో నేర్పకపోతే కొంపలేమీ మునగవు. ఈ మైనర్, ఏ మైనర్, డీ, జీ, సీ వస్తే వందల తెలుగు పాటలు పాడుకోవచ్చు. ఎఫ్ తప్పనిసరైన చోట ఎఫ్ మేజర్ సెవెన్ పడితే చాలా పాటల్లో చెవికి ఇంపుగానే ఉంటుంది.

సాధన సమయం గురించి గట్టి మాటే చెప్పాలి. కాయ కట్టేది వాయిస్తున్నప్పుడు కాదు, వాయించి ఆపాక. ఆదివారం మూడు గంటలు కూర్చుని మిగతా వారమంతా ముట్టుకోకపోతే బొబ్బలు పడతాయి, కాయలు కట్టవు. రోజూ పది పదిహేను నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు వాయిస్తే చర్మానికి కావలసిన కబురు రోజూ అందుతుంది, విశ్రాంతీ దొరుకుతుంది. ఇలా చేసినవాళ్లకు రెండు నుంచి నాలుగు వారాల్లో పదునైన మంట పోయి, నొక్కినట్టు మాత్రమే తెలుస్తుంది. నొప్పి పదునెక్కిన క్షణాన ఆపాలి. ఆ మిగిలిన సమయం వృథా కాదు. కుడిచేతి స్ట్రమ్మింగ్, తాళం, పాట వినడం, కార్డ్‌ను నొక్కకుండా వేళ్లు ఆనించి మార్చే అభ్యాసం ఇవన్నీ వేలికొసలకు ఏ బాధా లేకుండా సాగుతాయి. స్నానం చేసిన వెంటనే, గిన్నెలు కడిగిన వెంటనే వాయించకూడదు. నానిన చర్మం తీగకు ఎక్కువ పట్టుకుంటుంది, తేలిగ్గా లేచిపోతుంది.

పూతల విషయానికి వస్తే ఆశలు తగ్గించుకోవడం మంచిది. స్పిరిట్, పటిక నీళ్లు, నల్ల టీ డికాషన్, వినెగర్, టింక్చర్ బెంజాయిన్ అంటూ పెద్ద జాబితానే ఉంది. స్పిరిట్ తేమ తీసేసి కాసేపు చర్మాన్ని పొడిగా ఉంచుతుంది. పటిక, టీలోని టానిన్లు పైపొరను కాస్త బిగిస్తాయి. అంతే. కాయను కట్టే పని చేసేది నొక్కుడూ విశ్రాంతీ మాత్రమే. ఈ పూతలు ఎక్కువైతే చర్మం ఎండి పగులుతుంది, పగిలిన కాయ అంచు తీగకు తగులుకుని ఊడిపోతుంది. సూపర్ గ్లూ స్టీవీ రే వాన్ వేదిక మీద ప్రదర్శన ఆపలేని స్థితిలో చేసిన పని. ఇంట్లో నేర్చుకునేవాళ్లు దాన్ని అనుకరించాల్సిన అవసరం లేదు. సిలికాన్ తొడుగులు నొప్పిని ఆపుతాయి కానీ తీగ స్పర్శ తెలియనివ్వవు, పైగా తీసిన రోజున చర్మం మొదటి రోజున్నంత లేతగానే ఉంటుంది. అత్యవసరంగా ఒక కార్యక్రమంలో వాయించాల్సి వస్తే సరే. పాలిమర్ పూత ఉన్న తీగలు మాత్రం కొంత నిజమైన ఉపకారమే చేస్తాయి. లావు తీగల మీద చుట్టిన తీగ గరుకు తగ్గి వేలు జారుతుంది, తుప్పు పట్టడమూ ఆలస్యమవుతుంది. తుప్పు పట్టిన తీగ ఆకురాయిలా చర్మాన్ని గీరేస్తుంది, కాబట్టి పాత తీగలు మార్చడం కూడా ఒక మందే.

సాధన తర్వాత మంటకు చల్లని నీళ్లు చాలు. బొబ్బ వస్తే పైతోలు పీకకూడదు. అదే పగిలితే కడిగి, కట్టుకట్టి, పూర్తిగా మానేదాకా ఆ వేలికి సెలవివ్వాలి. కాయ అంచు లేస్తే గోళ్ల ఆకురాయితో మెల్లగా నునుపు చేయాలి, కొరకడం వద్దు. ఆనెలకు అమ్మే శాలిసిలిక్ యాసిడ్ మందులు ఈ కాయల మీద వేస్తే కట్టుకున్నదంతా కరిగిపోతుంది. కొన్ని వారాలు వాయించకపోతే కాయలు వాటంతటవే పోతాయి, తిరిగి మొదలుపెట్టినప్పుడు మళ్లీ చిన్న విడతలతోనే రావాలి. ఒక చిన్న సంగతి: ఎడమ చూపుడువేలి ముద్రతో ఫోన్ తెరుచుకునేవాళ్లు, ఆఫీసులో హాజరు వేసేవాళ్లు కుడిచేతి వేలిని కూడా నమోదు చేయించుకోవడం మంచిది. కాయ ముదిరితే యంత్రం ముద్రను గుర్తుపట్టకపోవచ్చు.

అసలు నొక్కడమే పడని చేతులకు మన దేశంలో ఇంకో దారీ ఉంది. ఒళ్లో పెట్టుకుని తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే స్లైడ్ గిటారులో తీగను కొయ్యకు తాకించే పనే లేదు. బ్రిజ్ భూషణ్ కాబ్రా ఆ పద్ధతిలో హిందుస్తానీ సంగీతం పలికించారు. విశ్వమోహన్ భట్ అదే పద్ధతిలో వాయించే తన మోహనవీణతో 1994లో గ్రామీ అందుకున్నారు.

చివరిగా, ఏది మామూలు మంట కాదో గుర్తుపట్టాలి. వేలికొసలతో ఆగకుండా చర్మం ఎర్రబడి, దురద పెట్టి, పొలుసులు లేస్తుంటే అది నికెల్ ఎలర్జీ కావచ్చు. ఎలక్ట్రిక్ గిటారు చుట్టిన తీగల్లో నికెల్ ఉంటుంది. చవక నగలతో, వాచీ పట్టీలతో దద్దుర్లు వచ్చే అలవాటున్నవాళ్లు ముందే స్టెయిన్‌లెస్ స్టీలు లేదా పూత తీగలు చూసుకోవచ్చు. వాయించాక వేలికొస కాసేపు మొద్దుబారడం సహజం. అదే తిమ్మిరి రాత్రిళ్లు నిద్రలేపుతున్నా, బొటనవేలు మొదలు ఉంగరపువేలి దాకా పాకుతున్నా, మణికట్టులో నొప్పి ఉన్నా అది చర్మం సమస్య కాదు, మణికట్టు దగ్గర నరం నలుగుతోందేమో డాక్టరుకు చూపించుకోవాలి. మధుమేహం ఉన్నవాళ్లు ఇంకొంత జాగ్రత్తగా ఉండాలి. నలభై దాటాక గిటారు పట్టే మనవాళ్లలో వీళ్లు తక్కువేం కాదు. చక్కెర ఎక్కువగా ఉంటే బొబ్బ మానడానికి సమయం పడుతుంది, చీము పట్టే అవకాశమూ ఎక్కువ. నరాల స్పర్శ తగ్గినవాళ్లకు ఆపమని చెప్పే నొప్పే సరిగ్గా తెలియదు. కాబట్టి వీళ్లు నొప్పిని కాకుండా గడియారాన్ని చూసి ఆపాలి, రోజూ వేళ్లు వెలుతురులో పరిశీలించుకోవాలి, గ్లూకోమీటరు సూదిని ఎడమచేతికి కాకుండా కుడిచేతి వేళ్ల పక్కభాగాల్లో గుచ్చుకోవాలి.